శాస్త్రముల ఎల్లలు: కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పరిశోధనలు

విశ్వవిద్యాలయములలో విద్యను శాఖలుగా విభజించుట పరిపాలనా సౌకర్యమునకై ఏర్పడిన పద్ధతి. సంఘమును గూర్చి విచారించువారు ఒక భవనమున, పదార్థమును గూర్చి విచారించువారు మరియొక భవనమున, గణనయంత్రములతో పనిచేయువారు వేరొక భవనమున కూర్చుందురు. కాలక్రమమున ఈ గోడలే జ్ఞానమునకు సహజమైన ఎల్లలని విద్యార్థులును, వారి తల్లిదండ్రులును నమ్మసాగిరి. చరిత్రను పరిశీలించినచో సంగతి వేరుగా గోచరించును. ఒక శాస్త్రమున పుట్టిన ప్రశ్నకు సమాధానము పలుమారులు ఇంకొక శాస్త్రమున లభించినది. అట్లు సిద్ధమైన పనిముట్టు మిక్కిలి దూరమున నున్న మూడవ శాస్త్రమునకు అక్కరకు వచ్చినది. దీనికి నిదర్శనముగా పేర్కొనదగినది, నేటి కర్ణాటకమున ఒక తెలుగు కుటుంబమున జన్మించి ప్రపంచఖ్యాతి గడించిన సాంఖ్యకశాస్త్రజ్ఞులు కల్యంపూడి రాధాకృష్ణారావుగారి కృషి.

శ్రీ రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగలియందు జన్మించిరి. తండ్రి దొరస్వామి నాయుడుగారు పోలీసు ఇన్‌స్పెక్టరు, తల్లి లక్ష్మీకాంతమ్మగారు. పదిమంది సంతానములో వీరు ఎనిమిదవవారు. దేవకీదేవి అష్టమగర్భమున పుట్టిన శ్రీకృష్ణుని తలచి వీరికి ఆ పేరు పెట్టిరి. నాడు హడగలి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాకు చెందియుండెను. కన్నడము, తెలుగు ఇరుగుపొరుగులుగా వినవచ్చు సీమ అది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు ఆ జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, హడగలి మైసూరు రాష్ట్రమున చేరెను. 2021 నుండి అది కర్ణాటకమందలి విజయనగర జిల్లాలో నున్నది. ఊరు ఉన్నచోటనే యున్నది. దాని చిరునామా మాత్రము మారినది. శాస్త్రముల ఎల్లలును చాలవరకు ఇట్టివే.

తండ్రిగారి బదిలీల ననుసరించి గూడూరు, నూజివీడు, నందిగామలలో వీరి బాల్యవిద్య సాగెను. పదవీవిరమణానంతరము ఆ కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. తల్లి ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి, తన్ను చదువునకు కూర్చుండబెట్టెడిదని శ్రీ రావుగారు తరువాతి కాలమున తమ గ్రంథమొకదానిలో కృతజ్ఞతతో స్మరించిరి. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునుండి గణితశాస్త్రమున పట్టము పొందిరి.

పట్టము చేతికి వచ్చినను ఉద్యోగము వెంటనే లభింపలేదు. అది యుద్ధకాలము. సైనిక సర్వే శాఖలో గణితజ్ఞుని పదవి కలదని విని కలకత్తా వెళ్లిరి గాని, ఆ పదవి దక్కలేదు. అయితే ఆ నగరముననే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుచున్న ఒకరితో పరిచయము కలిగెను. 1941 జనవరి 1న వీరు ఆ సంస్థలో చేరిరి. ఆ సంవత్సరమే కలకత్తా విశ్వవిద్యాలయము సాంఖ్యకశాస్త్రమున ఎం.ఏ. తరగతిని ఆరంభించెను. 1943లో ఆ పరీక్షయందు ప్రథమశ్రేణిలో, బంగారు పతకముతో వీరు ఉత్తీర్ణులైరి.

ఈ సంస్థ స్వభావమును తెలిసికొనినగాని శ్రీ రావుగారి పరిశోధనా వైవిధ్యము అర్థము కాదు. దానిని 1931లో స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌గారు వృత్తిరీత్యా భౌతికశాస్త్రాచార్యులు. ప్రెసిడెన్సీ కళాశాలలోని భౌతికశాస్త్ర శాఖకు చెందిన గదియే సంస్థకు తొలి నివాసము. అచ్చట చర్చకు వచ్చిన విషయములు మాత్రము భౌతికశాస్త్రమునకు పరిమితములు కావు. ఒడిశా నదుల వరదలు, వంగదేశమున జనపనార పంట విస్తీర్ణము, మనుష్యుల శరీరప్రమాణములు, గ్రామీణ కుటుంబముల వ్యయము—ఇవన్నియు అక్కడి బల్లలమీదనే లెక్కకు వచ్చినవి. పొలము పొలమును కొలువక, నియమానుసారముగా ఎన్నుకొన్న కొలది పొలములను కొలిచి మొత్తమును అంచనా వేయు నమూనా పద్ధతి అక్కడ పరిణతి చెందెను. 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేకు ఆ అనుభవమే ఆధారమయ్యెను.

1944లో శ్రీ రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండగా వి.ఎం. దాండేకర్ అను విద్యార్థి ఒక ప్రశ్న వేసెను. పెద్ద నమూనాల విషయమున ఫిషర్ పండితుడు చెప్పిన ఫలితము వంటిది చిన్న నమూనాలకును సాధ్యమా యని ఆ ప్రశ్న. సమాధానము అప్పటికి గ్రంథములలో లేదు. శ్రీ రావుగారు ఆ రాత్రియే కూర్చుండి దానిని సాధించిరి. 1945లో కలకత్తా గణితసంఘ పత్రికయందు వెలువడిన వ్యాసమున ఆ ఫలితము ప్రకటితమయ్యెను. ప్రశ్న వేసిన విద్యార్థి తరువాత ఆర్థికశాస్త్రవేత్తయై, 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశమందలి దారిద్ర్యమును గూర్చి ప్రసిద్ధమైన అధ్యయనము వెలువరించెను. గణితమున ఒక మూలసిద్ధాంతమునకు కారకుడైనవాడు, పేదల పోషణను లెక్కించిన సాంఘికశాస్త్రజ్ఞుడే యగుట గమనింపదగినది.

ఆ సిద్ధాంతపు సారము సామాన్యులకును బోధపడునట్టిదే. గానుగవాడు ఎంత నేర్పరియైనను నువ్వులలో నున్నంత నూనెయే తీయగలడు గాని అంతకు మించి తీయలేడు. అట్లే మన చేతనున్న వివరములలో ఎంత సమాచారమున్నదో, దానినిబట్టి అంచనా ఎంతవరకు కచ్చితము కాగలదో ఒక హద్దు కలదు. పక్షపాతము లేని ఏ అంచనాపద్ధతియు, ఎంత చతురమైనదైనను, ఆ హద్దును దాటజాలదు. స్వీడను దేశీయుడు హెరాల్డ్ క్రామెర్ స్వతంత్రముగా ఇదే ఫలితమును 1946లో ప్రకటించెను. కావున దీనికి క్రామెర్–రావు హద్దు అను పేరు స్థిరపడినది. ఆ వ్యాసముననే ముడి అంచనాను శుద్ధిచేసి మెరుగుపరచు మార్గమొకటి చూపబడెను. అమెరికా పండితుడు డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో వేరుగా అదే మార్గమును కనుగొనెను. ఈ వ్యాసము వెలువడునాటికి శ్రీ రావుగారి వయస్సు ఇరువదియైదు ఏండ్లు మాత్రమే.

సాంఘికశాస్త్రములయందు వీరి కృషి మానవశాస్త్రముతో మొదలయ్యెను. 1941లో సంయుక్తరాష్ట్రములయందు, అనగా నేటి ఉత్తరప్రదేశమున, మానవశాస్త్రజ్ఞులు డి.ఎన్. మజుందార్‌గారు పలు కులముల, తెగల వారి శరీరప్రమాణములను సేకరించిరి. వాటి విశ్లేషణము మహలనోబిస్, మజుందార్, రావు గార్ల పేర 1949లో వెలువడెను. 1946లో శ్రీ రావుగారు కేంబ్రిడ్జి వెళ్లి, సూడానులోని జెబెల్ మోయాయందు త్రవ్వకములలో లభించిన ప్రాచీన అస్థిపంజరముల కొలతలను పరిశీలించిరి. ఫిషర్ పండితుని పర్యవేక్షణయందు 1948లో డాక్టరేటు పొందిరి. పలు కొలతలను ఏకకాలమున పరిగణించి, ఒక సమూహము మరియొకదానికి ఎంత సమీపమో, ఎంత దూరమో నిర్ణయించు పద్ధతులు ఈ పనిలో పదునుదేరినవి.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ముక్కు కొలతనుబట్టి, తల కొలతనుబట్టి మనుష్యులకు ఎక్కువతక్కువలు నిర్ణయింపజూచిన రిస్లీ వంటి ఆంగ్లాధికారుల యత్నములు ఈ దేశమున జరిగినవి. రిస్లీ ప్రకటించిన అంకెలలోని పొరపాట్లను మహలనోబిస్‌గారు 1933లోనే చూపిరి. కులములను శరీరలక్షణములచే వర్గీకరింపవచ్చునను భావనయే నేడు మానవశాస్త్రమున నిలువదు. లెక్క సరియైనను ప్రశ్న సరికాకపోవచ్చును. ప్రశ్న తగినదా, తగనిదా యని నిర్ణయించుటకు సంఘచరిత్రము తెలియవలెను. గణితము సాంఘికశాస్త్రమునకు చేయు మేలు ఎట్టిదో, సాంఘికశాస్త్రము గణితమునకు చేయు మేలును అట్టిదే.

పద్ధతులు మాత్రము పుట్టినచోట ఆగలేదు. 1948లో శ్రీ రావుగారు ప్రతిపాదించిన ‘స్కోరు’ పరీక్ష తరువాత ఆర్థికశాస్త్రజ్ఞులకు నిత్యోపయోగమయ్యెను. రాడారు తిరిగి అందుకొను తరంగమునుండి విమానపు దూరమును ఎంత కచ్చితముగా తెలియవచ్చునో చెప్పుటకు క్రామెర్–రావు హద్దే కొలబద్ద. 1967లో హెల్‌స్ట్రామ్ అను పండితుడు దీనిని క్వాంటం భౌతికశాస్త్రమునకు అన్వయించెను. సంభావ్యతల నడుమ దూరమును జ్యామితి రీతిగా కొలువవచ్చునని 1945 నాటి వ్యాసముననే శ్రీ రావుగారు సూచించిరి. ఆ బీజమునుండి పెరిగిన శాస్త్రశాఖను ఆధారము చేసికొని, జపాను దేశపు షునిచి అమారి 1998లో యంత్రములకు నేర్పు విధానమొకటి ప్రకటించెను.

గణనయంత్రముల చరిత్రయందును ఈ సంస్థకు స్థానము కలదు. తొలినాళ్లలో లెక్కలన్నియు చేతితో త్రిప్పు యంత్రములమీద మనుష్యులే చేసెడివారు. ఇంగ్లండులో తయారైన హెచ్.ఇ.సి.-2ఎం అను ఎలక్ట్రానిక్ గణనయంత్రము 1955–56లో అచ్చట నెలకొల్పబడెను. భారతదేశమున మొదటి డిజిటల్ కంప్యూటరు అదియే. 1940–50 దశకమున శ్రీ రావుగారు రూపొందించిన ‘ఆర్థోగనల్ అర్రేలు’ అను సంఖ్యాపట్టికలు, కొలది ప్రయోగములతో పలు కారణములను పరీక్షించుటకు ఉద్దేశింపబడినవి. అవియే తరువాత కర్మాగారములలో వస్తువుల నాణ్యమును పెంచుటకును, సందేశములలోని తప్పులను దిద్దు సంకేతములను నిర్మించుటకును, కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించుటకును తోడ్పడినవి.

శ్రీ రావుగారు 1979లో అమెరికాకు వెళ్లి పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయములలో ఆచార్యులుగా నుండిరి. భారతప్రభుత్వము 1968లో పద్మభూషణమును, 2001లో పద్మవిభూషణమును ఇచ్చి గౌరవించెను. 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానము వీరికి లభించెను. ఆ సంవత్సరమే ఆగస్టు 22న నూటరెండేండ్ల వయస్సున పరమపదించిరి. హైదరాబాదులో వీరి పేర నెలకొన్న పరిశోధనాసంస్థ గణితము, సాంఖ్యకశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము మూడింటికిని నిలయమై యున్నది.

ఈ చరిత్ర ప్రవాసాంధ్రులకు గర్వకారణమగుటతో సరిపోదు. 2011 జనాభా లెక్కలయందు తమిళనాడున సుమారు 42 లక్షలమంది, కర్ణాటకమున సుమారు 35 లక్షలమంది తెలుగును మాతృభాషగా పేర్కొనిరి. కాని ఇంటిలో పిల్లలతో ఏ భాష మాటలాడుదురో, తాతగారి ఉత్తరమును మనుమడు చదువగలడో లేదో ఆ అంకె చెప్పదు. దానిని తెలిసికొనుటకు సంఘసభ్యులను మాత్రమే ప్రశ్నించినచో, భాషాభిమానము గలవారి సమాధానములే లభించును. భాషకు దూరమైన కుటుంబములు లెక్కకే రావు. షోలాపురమందలి నేతగాండ్ర వాడలలో, బరంపురమున, మదురలో, కోయంబత్తూరులో, 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానామున నియమము ప్రకారము ఇండ్లను ఎన్నుకొని విచారింపవలెను. కొలది పొలములను కొలిచి పంటను అంచనా వేసిన పద్ధతియే ఇచ్చటను శరణ్యము.

ఆ విచారణలో ఏ ప్రశ్న అడుగవలెనో సాంఘికశాస్త్రజ్ఞుడు చెప్పవలెను. ఇంటింట మిగిలిన తాళపత్రములు చీకిపోకుండ కాపాడుటకు రసాయనశాస్త్రజ్ఞుడు కావలెను. వృద్ధుల నోటనున్న పలుకుబళ్లను భద్రపరచి, వెదుకుటకు వీలుగా అమర్చుటకు కంప్యూటరు తెలిసినవాడు కావలెను. మాటను గుర్తించు యంత్రముల విషయమున కృషిచేసి 1994లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డిగారు నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించి, మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివినవారే. ధ్వనిశాస్త్రము, భాషాశాస్త్రము, సంభావ్యతా గణితము చేతులు కలిపిననే గాని యంత్రము మనుష్యుని మాటను పోల్చుకొనజాలదు.

నేడు తెలుగు ఇండ్లలో కంప్యూటరు విద్యకు లభించు ప్రోత్సాహము చరిత్ర, భాష, మానవశాస్త్రములకు లభించుట లేదు. ఏ ఒక్క శాస్త్రమును పెంచి తక్కినవానిని ఎండగట్టినను నష్టము అన్నిటికిని కలుగును. తెలుగు సంఘములు ఏటేట ఇచ్చు విద్యార్థివేతనములలో ఒకటియైనను తమ ఊరి తెలుగువారి భాషను, వృత్తులను, వలసచరిత్రను పరిశోధించువారికై కేటాయించుట మేలు. ఆ పరిశోధకునికి తోడుగా ఒక గణితవిద్యార్థిని నియమించినచో ఆ పని మరింత నిలుకడగా సాగును.