రాయితీ విత్తన వేరుశనగ దారిమళ్లింపు (అనంతపురం)

విత్తడానికని ప్రభుత్వం రాయితీపై ఇచ్చే వేరుశనగ కాయలను విత్తకుండా బహిరంగ విపణిలో ఎక్కువ ధరకు అమ్ముకోవడాన్ని విత్తన వేరుశనగ దారిమళ్లింపు అంటారు. పూర్వపు అనంతపురం జిల్లాలో (2022 నుండి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు) ఇది తరచుగా చర్చకు వచ్చిన సమస్య.

నేపథ్యం

ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఇక్కడి ఎర్రనేలలలో ఖరీఫ్‌లో వర్షాధారంగా వేరుశనగ పండిస్తారు. ఈ పంటలో రైతు తన కాయలనే మరుసటి ఏటికి విత్తనంగా దాచుకోవచ్చు. అయితే కరువు వచ్చిన ఏడు దాచుకొనేందుకు కాయలు మిగలవు. ఎకరానికి విత్తనం అధికంగా కావాలి కనుక ఖర్చు కూడా ఎక్కువే. అందువలన ప్రభుత్వం కదిరి-6 వంటి రకాలను రాయితీపై సరఫరా చేస్తుంది.

లొసుగు

విత్తన కాయకు, నూనె మిల్లుకు వెళ్లే కాయకు పైకి తేడా కనిపించదు. అందువలన ఒకే సరుకుకు రెండు ధరలు ఏర్పడతాయి. ఉదాహరణకు, క్వింటాలు విత్తనం ధర 7,000 రూపాయలు, రాయితీ 40 శాతం అనుకుంటే రైతు 4,200 రూపాయలు చెల్లిస్తాడు. అదే సమయంలో విపణి ధర 5,500 ఉంటే, విత్తకుండా అమ్మినవారికి 1,300 రూపాయలు మిగులుతాయి. విపణి ధర 4,200 కన్న తగ్గితే ఈ ఆకర్షణ ఉండదు. పాశ్చాత్య దేశాలలో పోటీ దుకాణం ధరకే వస్తువును ఇస్తామనే హామీలను కొందరు కొనుగోలుదారులు లాభానికి వాడుకోవడం కూడా ఇటువంటిదే.

అమ్మేవారందరూ లాభాపేక్షతోనే అమ్ముతారని చెప్పలేము. వాన ఆలస్యమై విత్తే అదను దాటినప్పుడు, చేతిలో డబ్బు లేనప్పుడు కాయలను అమ్ముకోవలసి వస్తుంది.

ప్రభావం

పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా విత్తనం ఇచ్చినప్పుడు, సాగు చేయని భూయజమానికి కూడా రాయితీ అందుతుంది. నిజంగా సాగుచేసే కౌలురైతు మాత్రం పూర్తి ధరకు కొనవలసి వస్తుంది.

నివారణ చర్యలు

2020లో ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాల (2024 నుండి రైతు సేవా కేంద్రాలు) ద్వారా గ్రామస్థాయిలో పంపిణీ మొదలైంది. కొన్నవారు విత్తినదీ లేనిదీ గ్రామంలోనే గమనించేందుకు దీనివలన వీలు కలిగింది. కౌలురైతులకు గుర్తింపునిచ్చేందుకు 2011లో, 2019లో చట్టాలు వచ్చాయి. 2019 చట్టం ప్రకారం భూయజమాని సమ్మతితో ఒప్పందం కుదరాలి. యజమాని సంతకం చేయనిచోట కౌలురైతుకు ఆ గుర్తింపు దక్కదు.