రెండు ట్యాంకులు, ఒక ట్యాపు



పోయిన నెల్లో మా మేనల్లుడి గూడ్సు బండి ఘాటీ మీద ఆగిపోయింది. సీతంపేట వైపు నుంచి అనాసపళ్ల లోడు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను చేశాడు.

"మావయ్యా, గ్యాసు అయిపోయింది. పెట్రోలుకి మార్చితే స్టార్టు అవట్లేదు."

"పెట్రోలు ఉందా?"

"ముల్లు కాస్త చూపిస్తోంది. ఆ ట్యాంకు వాడి ఏడాది అయింది మావయ్యా. గ్యాసు చవక కదా, పెట్రోలు ఎందుకని."

అది పాత బండి. ఒకరి దగ్గర రెండో చేతిలో కొన్నాడు. వెనక గ్యాసు సిలిండరు, కింద పెట్రోలు ట్యాంకు, స్టీరింగు పక్కన ఒక మీట. రెండు ట్యాంకులున్నాయి కాబట్టి దారిలో ఆగే పనే లేదని ధైర్యం. ఆ ధైర్యమే ముంచింది. ఇంకో బండి దొరికి సరుకు దిగేసరికి రోజున్నర పట్టింది. అడుగున ఉన్న పళ్లు మెత్తబడిపోయాయి. వాడికి కిరాయి పోయింది, ఆ పళ్లు పండించిన కొండ మీది రైతుకి కష్టం పోయింది.

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ముప్ఫై ఏళ్ల కిందట అదే తప్పు నేనూ చేశాను. ఆ సంగతి, దాని వెనకున్న పెద్ద కథ ఈరోజు చెప్పుకుందాం. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

జంఝావతి ఒడ్డున మాకు ఎకరంన్నర. అప్పట్లో అక్కడికి కరెంటు లేదు. నేను ఇంటరు అయ్యాక మా నాన్న ఒక చిన్న ఇంజను కొన్నాడు. మీలో యాభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: పెట్రోలుతో స్టార్టు, కిరసనాయిలుతో పరుగు. పైన రెండు అరల ట్యాంకు. చిన్న అరలో పెట్రోలు, పెద్ద అరలో కిరసనాయిలు. రెండింటికీ కలిపి కింద ఒకటే ట్యాపు. తాడు చుట్టి లాగితే పెట్రోలు మీద అందుకుంటుంది. నాలుగైదు నిమిషాలు వేడెక్కనిచ్చి ట్యాపు తిప్పాలి. ఆపేముందు మళ్లీ పెట్రోలుకి తిప్పి, కాసేపు నడిపి ఆపాలి.

ఈ చివరి మాట మా నాన్న రోజూ చెప్పేవాడు. ఒక సాయంత్రం వరి పొట్ట మీద ఉంది, నాకు పార్వతీపురంలో సినిమాకి టైమైపోతోంది. కిరసనాయిలు మీదున్న ఇంజన్ని అలాగే ఆపేసి పోయాను. తెల్లారి తాడు లాగితే అందుకోదు. గిన్నె నిండా కిరసనాయిలే, ప్లగ్గు తడిసి ముద్దయింది. కంగారులో ట్యాపు అటూ ఇటూ బలంగా తిప్పి దాని లోపలి వాషరు కూడా చింపేశాను. ఆ వాషరు పార్వతీపురంలో దొరక్క విజయనగరం పోయి తెచ్చేసరికి మూడు రోజులు. పొట్ట దశలో మూడు రోజులు నీళ్లు లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆ ఏడు మా కుప్పలో సగం తాలు. మా నాన్న ఒక్క మాటన్నాడు: "ఆపడం తెలీనోడికి మొదలెట్టడం రాదురా." అంతే.

సరే, అసలు ఈ రెండు ట్యాంకుల గొడవ ఎందుకొచ్చింది?

పెట్రోలు చల్లగా ఉన్నా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలితో కలిస్తే ప్లగ్గు నిప్పుకి అంటుకుంటుంది. కిరసనాయిలు అలా కాదు, వేడి తగిలితేనే ఆవిరి. చల్లటి ఇంజనులో పోస్తే చుక్కలుగానే ఉండి ప్లగ్గుని తడిపేస్తుంది. పిస్టను పక్కనుంచి జారి కిందున్న ఇంజనాయిల్లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. అందుకే ముందు పెట్రోలుతో వేడి చేసి, తర్వాత చవక నూనెకి మార్చడం. మొదలెట్టడానికి ఖరీదైనది, నడపడానికి చౌకది. రెండు ట్యాంకుల చరిత్ర అంతా ఈ ఒక్క మాటే.

దీన్ని రైతు దగ్గరికి పెద్ద ఎత్తున తెచ్చింది అమెరికాలో హెన్రీ ఫోర్డు. 1917లో ఫోర్డుసన్ ట్రాక్టరు తయారీ మొదలైంది. ఇరవై హార్సు పవరు, కిరసనాయిలు మీద నడిచేది. చిన్న ట్యాంకులో పెట్రోలు పోసి స్టార్టు చేస్తే, సైలెన్సరు వైపు పోయే పొగ వేడితో కిరసనాయిలు ఆవిరయ్యేది. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం. బ్రిటన్‌లో మగవాళ్లూ గుర్రాలూ యుద్ధానికి పోతే దున్నేవాళ్లు లేక, ఆ ప్రభుత్వమే వేలల్లో ఈ ట్రాక్టర్లు తెప్పించుకుంది. తర్వాత ఆ దేశంలో ట్రాక్టర్ల కోసమే పన్ను తక్కువ వేసిన ఒక రకం కిరసనాయిలు అమ్మేవారు. 1946లో వచ్చిన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టరుకి కూడా 1949లో ఆ నూనెతో నడిచే రకం తెచ్చారు. అక్కడి రైతూ మన రైతూ ఒకటే. ఏది చవకైతే అది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన ఊరికి రైలు 1908–09లోనే వచ్చింది, విజయనగరం నుంచి. రాయపూర్ దాకా లైను 1931కి పూర్తయింది. రైలు దిగాక కొండల్లోకి పోవాలంటే ఎడ్లబండి, కాలినడక, తర్వాత్తర్వాత బస్సు. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం. అప్పట్లో మన దేశానికి పెట్రోలు, కిరసనాయిలు చాలావరకు బర్మా నుంచి వచ్చేవి. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది. ఏప్రిల్‌లో అక్కడి నూనె బావులు శత్రువుకి దక్కకూడదని బ్రిటిషువాళ్లే పాడుచేసి వెనక్కి వచ్చారు. అదే ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. అప్పుడు మన పార్వతీపురం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. బాంబు పడింది అక్కడైనా, దీపంలో నూనె తగ్గింది ఇక్కడ.

పెట్రోలుకి రేషను పెట్టారు. బస్సులు ఆపలేరు కదా, అందుకని బొగ్గు బస్సులు వచ్చాయి. మీ ఇంట్లో తాతలెవరైనా ఉంటే ఈ మాట విని ఉంటారు. బస్సు వెనక పెద్ద డ్రమ్ము లాంటి పొయ్యి. అందులో కట్టెబొగ్గు రాజేసి, చేత్తో తిప్పే పంకాతో గాలి ఊదుతారు. గాలి చాలీచాలకుండా కాలే బొగ్గు నుంచి ఒక వాయువు వస్తుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజన్లోకి పంపుతారు. చాలా బళ్లకి పెట్రోలు ట్యాంకు కూడా ఉంచేవారు. కాస్త పెట్రోలుతో స్టార్టు చేసి, పొయ్యి బాగా రాజుకున్నాక వాయువుకి మార్చడం. చూశారా, ఫోర్డుసన్ పద్ధతే, రెండో ట్యాంకు బదులు పొయ్యి.

కానీ ఆ వాయువుకి బలం తక్కువ. ఇంజను సత్తా ఇంచుమించు సగానికి పడిపోయేది. గట్టు వస్తే జనం దిగి తొయ్యాల్సిందే. పైగా అది విషవాయువు, మూసిన షెడ్డులో పొయ్యి రాజేస్తే ప్రాణానికే ముప్పు. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరకడం మొదలవగానే అందరూ ఆ డ్రమ్ములు పీకి పారేశారు. 1957లో విశాఖపట్నంలో నూనెశుద్ధి కర్మాగారం వచ్చాక మన వైపు ఆ కరువు రోజులు మరుపున పడ్డాయి.

తర్వాత మన పొలాల్లోకి వచ్చినవి ఈ కిరసనాయిలు ఇంజన్లు. కరెంటు రాని చోట, డీజిలు ఇంజను మొయ్యలేని గట్ల మీద అవే దిక్కు. ఇద్దరు కావిడి కట్టి ఎక్కడికైనా తీసుకుపోయేవారు. కాకపోతే ఒక చిక్కు. రేషను కిరసనాయిలు వంటకీ దీపానికీ మాత్రమే. 1993లో కేంద్రం ఆర్డరు పెట్టి ఇంకోదానికి వాడకుండా కట్టడి చేసింది. నీలం రంగు కలిపింది కూడా దొంగతనం తెలియడానికే. న్యాయంగా ఇంజనుకి బయట ధరకి కొనాలి. కొన్నవాళ్లెందరో, రేషను డబ్బా ఒంచినవాళ్లెందరో మనకి తెలుసు, ఇక్కడ రాయక్కర్లేదు. తర్వాత కరెంటు వచ్చింది, రేషను కిరసనాయిలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది, ఇంజన్లు అటక ఎక్కాయి.

అమెరికాలో మాత్రం రెండు ట్యాంకుల కథ ఇంకోలా నడిచింది. అక్కడ దూరాలు ఎక్కువ. ఫోర్డు పికప్ ట్రక్కులకి 1990ల దాకా రెండు పెట్రోలు ట్యాంకులు ఉండేవి. డ్రైవరు ముందున్న బటను నొక్కితే రెండోది అందుకునేది. ఇంజను వాడుకోగా మిగిలిన పెట్రోలు ఏ ట్యాంకులోంచి వచ్చిందో ఆ ట్యాంకులోకే తిరిగి పోవాలి. దారి మార్చే చిన్న వాల్వు పాడైతే మొదటి ట్యాంకు పెట్రోలు రెండోదాంట్లోకి చేరి, అది పొంగి కింద కారేది. ట్యాంకులు రెండూ బాగానే ఉంటాయి, మధ్యనున్న చిన్న ముక్కే కొంప ముంచుతుంది. మా ఇంజను వాషరు కథే మళ్లీ.

మన దేశంలో 2000లో మోటారు వాహనాల చట్టం సవరించి బళ్లకి గ్యాసు వాడకాన్ని ఒప్పుకున్నారు. ఇప్పుడు ఒక బండికి గ్యాసూ పెట్రోలూ రెండూ ఉంటున్నాయి. చాలావాటిలో పద్ధతి ఏమిటో తెలుసా? తాళం తిప్పితే ముందు పెట్రోలు మీద అందుకుని, వేడెక్కాక తనంతట తానే గ్యాసుకి మారుతుంది. మా నాన్న చేత్తో తిప్పిన ట్యాపుని ఇప్పుడు కంప్యూటరు తిప్పుతోంది, అంతే తేడా.

మా అల్లుడి బండిని తాడు కట్టి పార్వతీపురం లాక్కొచ్చాం. మెకానిక్కు పెట్రోలు ట్యాంకు దించి చూపించాడు. అడుగున నాలుగు వేళ్ల పెట్రోలు, వాసన మారి పచ్చగా అయిపోయింది. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పెట్రోలు లేకుండా తిరిగీ తిరిగీ అది కాలిపోయింది. పంపు, ఫిల్టరు మార్చాం, ట్యాంకు కడిగాం, ఇంజెక్టర్లు శుభ్రం చేయించాం. వాడు ఏడాదిలో గ్యాసు మీద మిగుల్చుకున్న దాంట్లో మంచి ముక్కే పోయింది.

ఇలాంటి బండి ఉన్నవాళ్లు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. పెట్రోలు ట్యాంకు ఎప్పుడూ పావు వంతుకి తగ్గనివ్వొద్దు. వారానికోసారైనా ఐదారు కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి. గ్యాసు సిలిండరుకి మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి, అందులో ఒత్తిడి రెండొందల బార్ల దాకా ఉంటుంది, ఆటలు కాదు. పాత బండి కొనేటప్పుడు రెండు ఇంధనాల మీదా విడివిడిగా చల్లటి ఇంజను స్టార్టు చేయించి చూడండి. ఒకదాని మీద చూపించి ఇచ్చేస్తారు, మనం తలూపేస్తాం.

అటక మీద కిరసనాయిలు ఇంజను ఉన్నవాళ్లకీ ఒక మాట. పారెయ్యకండి. రెండు అరలూ ఒంపేసి, గిన్నె విప్పి అడుగునున్న నీళ్లూ మట్టీ తీసెయ్యండి. జెట్టులో తీగ పెట్టి పొడవకండి, గాలి ఊదండి, పొడిస్తే బెజ్జం పెద్దదవుతుంది. ట్యాపు వాషరు కొత్తది వెయ్యండి. మూతకున్న చిన్న గాలి రంధ్రం పూడిపోయిందేమో చూడండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఈ పని చేసేటప్పుడు అడ్డపొగ పీల్చే మామ్మలనీ చుట్ట కాల్చే తాతలనీ దూరంగా కూర్చోమనండి, కోపమొచ్చినా పర్వాలేదు.

మాది నేను బాగు చేశాను. పోయిన ఆదివారం తాడు చుట్టి లాగితే నాలుగోసారికి పెట్రోలు మీద అందుకుంది. అల్లుడు పక్కనే ఉన్నాడు. పది నిమిషాలు నడిచాక వాడు ఆపబోతే చెయ్యి పట్టుకుని, చిన్న అర వైపు తిప్పించి, అప్పుడు ఆపించాను.

"ఆపడానికి కూడా ఇంత ఉందా మావయ్యా?" అన్నాడు.

మా నాన్న మాట వాడికి చెప్పాను. మీ ఇంట్లో ఇలాంటి ఇంజను ఉన్నా, బొగ్గు బస్సు ఎక్కిన పెద్దవాళ్లు ఉన్నా, వాళ్లు చెప్పింది రాసి పెట్టండి. ఆ తరం వెళ్లిపోతోంది.

ఉంటాను.