సైతాను గాలీ, సిలిండర్‌లో జిడ్డూ

పుదుచ్చేరిలో మేముండే సారం నుంచి సముద్రం దగ్గరే. అక్కడ స్కూబా డైవింగ్‌కు వెళ్ళేవాళ్ళ వీపు మీద సిలిండర్ చూసి, అందులో ఉన్నది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. సాధారణంగా ఉండేది మనం పీల్చే గాలే. అందులో ఆక్సిజన్ 21 శాతం. దాన్ని 32 శాతానికో 36 శాతానికో పెంచితే నైట్రాక్స్ అంటారు. నైట్రోజన్ తగ్గుతుంది గనుక ఒంట్లో కరిగేదీ తగ్గుతుంది. అదే లోతులో ఎక్కువసేపు ఉండవచ్చు.

ఇది గాలివాటు ఊహ కాదు. ఒత్తిడి తగ్గినప్పుడు ప్రాణం తీసేది నైట్రోజన్ బుడగలనీ, ఒత్తిడి పెరిగితే ఆక్సిజనే మూర్ఛలు తెప్పిస్తుందనీ ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే రాశాడు. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 1979లో తన డైవింగ్ మాన్యువల్‌లో 32 శాతం మిశ్రమానికి పద్ధతులు ఇచ్చింది. 1985లో డిక్ రట్కోవ్‌స్కీ మామూలు డైవర్లకు నేర్పడం మొదలుపెట్టాడు. అంతే, "సైతాను గాలి" అని పేరు పెట్టారు! 1991లో అక్కడి డైవింగ్ వ్యాపార ప్రదర్శన నిర్వాహకులు నైట్రాక్స్ శిక్షకులకు చోటివ్వమన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. 1996 నాటికి పాడి సంస్థ కూడా ఒప్పుకుంది.

భయానికి కారణం లేకపోలేదు. 32 శాతంతో సుమారు 33 మీటర్లు దాటి దిగకూడదు. నింపేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఆక్సిజన్ తాను మండదు, దొరికినదాన్ని మండిస్తుంది. 1967లో అపోలో 1 పరీక్షలో ముగ్గురు వ్యోమగాములు అలాగే మంటల్లో పోయారు. సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కడం మనకు తెలుసు. వాల్వు గబుక్కున తిప్పితే ఆక్సిజన్ కూడా అలాగే నొక్కుకుని వేడెక్కుతుంది. లోపల కాస్త నూనె జిడ్డు ఉంటే చాలు.

అందుకే వాల్వు విప్పి, లోపల దీపం పెట్టి చూసి, డిటర్జెంట్ నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో జాడించి, శుభ్రమైన గాలితో ఆరబెడతారు. రబ్బరు రింగులూ గ్రీజూ ఆక్సిజన్‌కు తట్టుకునేవి వేస్తారు. తర్వాత ఒక్కసారి మామూలు కంప్రెసర్ గాలి పట్టినా నూనె తుంపర చేరి ఉండవచ్చు. మళ్ళీ మొదటి నుంచీ కడగాల్సిందే.

ఇక లెక్క. ఖాళీ సిలిండర్‌లో ముందు 28 బార్ల ఆక్సిజన్ నెమ్మదిగా ఎక్కించి, బాగా వడకట్టిన గాలితో 200 బార్లకు నింపాలి. ఆ గాలి 172 బార్లలో ఆక్సిజన్ వాటా 36. మొత్తం 64, అంటే 32 శాతం. ఖాతాలు చూసి రిటైరైన నాకు ఈ లెక్క నచ్చింది. ఇంకా నచ్చింది, దాన్నీ నమ్మకపోవడం. పైన అంటించిన చీటీ ఏం చెప్పినా, దిగబోయేవాడు మీటరుతో తానే కొలిచి, అంకె రాసి, సంతకం పెట్టాలి.

సైతాను అన్నవాళ్ళు కొలవలేదు. చీటీని వేదవాక్కు అనుకునేవాడూ కొలవడు. సముద్రంలో ఇద్దరికీ ప్రమాదమే.