స్వీప్‌స్టేక్స్ ఆన్‌లైన్ క్యాసినోలు: అమెరికా రాష్ట్రాల నిషేధ చట్టాలు

జూదం లైసెన్సు లేకుండా, బహుమతి డ్రా పేరుతో అమెరికాలో నడిచే ఆన్‌లైన్ క్యాసినోలను స్వీప్‌స్టేక్స్ క్యాసినోలంటారు. వీటిలో రెండు రకాల నాణేలుంటాయి. గోల్డ్ కాయిన్లను డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు గాని, గెలిచినా వాటికి విలువ లేదు. వాటితోపాటు ‘ఉచితం’గా వచ్చే స్వీప్స్ కాయిన్లతో ఆడి గెలిస్తే డాలర్లు చేతికొస్తాయి. పైసా చెల్లించకుండా ఉత్తరం రాసి అడిగినవారికి కూడా ఈ రెండో రకం నాణేలు కొన్ని ఇస్తారు. వ్యాపారమంతా ఆ ఉత్తరం మీదే నిలబడింది.

చాలా రాష్ట్రాల చట్టాల ప్రకారం ఒక ఆట జూదమని తేలాలంటే బహుమతి, అదృష్టం, ఆడేవారు చెల్లించే ప్రతిఫలం అనే మూడూ ఉండాలి. ప్రతిఫలం లేకపోతే అది సరుకు ప్రచారానికి పెట్టే లక్కీ డ్రాయే. బర్గర్లు, పత్రికల చందాలు అమ్ముకోవడానికి కంపెనీలు దశాబ్దాలుగా ఇలాంటి డ్రాలు నడిపాయి. అక్కడ అసలు సరుకు బర్గరు. ఇక్కడ డాలర్ల ఆశ లేకుండా గోల్డ్ కాయిన్లు కొనేవారెందరన్న సందేహం మొదటినుంచీ ఉంది.

ఈ వాదం మొదట కోర్టులకెక్కింది ఇంటర్నెట్ కఫేల వల్ల. ఫోన్ కార్డో, కొంత ఇంటర్నెట్ సమయమో కొన్నవారికి కంప్యూటర్ తెరమీద స్లాట్ మెషీన్ను పోలిన ఆటలో బహుమతి తేలేది. నార్త్ కరోలినా 2010లో వీటిని నిషేధించగా, 2012 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఫ్లోరిడాలో మాజీ సైనికుల సేవ పేరుతో కఫేలు నడిపిన అలైడ్ వెటరన్స్ సంస్థ మీద 2013లో దాడులు జరిగాయి. ఆ సంస్థకు గతంలో సలహాదారుగా పనిచేసిన లెఫ్టినెంట్ గవర్నర్ జెనిఫర్ క్యారల్ రాజీనామా చేశారు. ఆమెపై మాత్రం నేరారోపణ ఏదీ రాలేదు. నెల తిరక్కుండానే నిషేధ చట్టం వచ్చేసింది. 2015లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ కంప్యూటర్లు చట్టవిరుద్ధమైన స్లాట్ యంత్రాలేనని తేల్చింది.

కఫేలు మూతబడే నాటికే ఆట ఇంటి కంప్యూటర్లలోకి చేరింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ కేంద్రంగా పనిచేసే వీజీడబ్ల్యూ సంస్థ చంబా క్యాసినోను 2012లో ప్రారంభించింది. జూదం సంగతి ప్రధానంగా రాష్ట్రాలది. 2006 నాటి కేంద్ర చట్టం చెల్లింపుల మార్గాన్ని కట్టడి చేసినా, ఏది అక్రమ జూదమో చెప్పే పనిని చాలావరకు రాష్ట్రాలకే వదిలింది. న్యూజెర్సీ, మిషిగన్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే ఆన్‌లైన్ క్యాసినోలకు లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేస్తున్నాయి. స్వీప్‌స్టేక్స్ సైట్లు లైసెన్సు లేకుండానే దాదాపు దేశమంతా తిరిగాయి. లైసెన్సు పొందిన క్యాసినోల కడుపుమంట ఇక్కడే మొదలైంది. నిషేధాల వెనుక ఆటగాళ్ల రక్షణతోపాటు ఆ మంట కూడా ఉందని చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

మొదట్లో రాష్ట్రాలు పాత చట్టాలతోనే నెట్టుకొచ్చాయి. మిషిగన్ గేమింగ్ కంట్రోల్ బోర్డు 2023లో నోటీసులిచ్చి కొన్ని సైట్లను వెళ్లగొట్టింది. 2025లో దారి మారింది. ఉత్తరం రాస్తే నాణేలిస్తున్నారా లేదా అన్న తర్కాన్ని పక్కనపెట్టి, రెండు నాణేల పద్ధతినే నిషేధించే చట్టాలు వచ్చాయి. ఆ ఏడాది మే నెలలో మోంటానా అందరికంటే ముందు నిషేధించింది. కనెక్టికట్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, న్యూయార్క్ అదే ఏడాది దాని బాట పట్టాయి. లూసియానాలో చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ జెఫ్ లాండ్రీ వీటో చేశారు. ఉన్న చట్టాలే చాలునన్నది ఆయన వాదన. అక్కడి గేమింగ్ బోర్డు నలభైకి పైగా సంస్థలకు నోటీసులు పంపింది.

వీటిలో కాలిఫోర్నియా చట్టమే కీలకం. ఆ రాష్ట్రంలో స్లాట్ యంత్రాలు నడిపే హక్కు ఆదివాసీ తెగలదేనని 2000లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఓటేశారు. ఆ హక్కుకు గండి పడుతోందని పెద్ద క్యాసినోలున్న తెగలు ఏబీ 831 బిల్లు వెనుక నిలిచాయి. ఈ సైట్లతో ఒప్పందాల ద్వారా రాబడి పొందాలనుకున్న కొన్ని చిన్న తెగలు ఎదురుతిరిగాయి. గవర్నర్ గావిన్ న్యూసమ్ 2025 అక్టోబరులో సంతకం చేశారు. సైటు నడిపేవారితో ఆగకుండా, తెలిసి సహకరించే చెల్లింపు సంస్థలు, ఆటల సాఫ్ట్‌వేర్ సరఫరాదారులు, ప్రచారకర్తలు కూడా ఈ చట్టం కిందికొస్తారు. గట్టి దెబ్బ ఇదే. బిల్లు చర్చలో ఉండగానే ప్రాగ్మాటిక్ ప్లే అనే పెద్ద ఆటల కంపెనీ అమెరికా స్వీప్‌స్టేక్స్ వ్యాపారం నుంచి తప్పుకుంది.

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తేమీ కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు చాలాకాలం ఆ తీర్పు నీడనే బతికాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నైపుణ్యమా అదృష్టమా అన్న వాదం జోలికి పోకుండా డబ్బు ఒడ్డి ఆడడాన్నే నిషేధించాయి.

కాలిఫోర్నియా చట్టం 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. నేరం రుజువైతే 25,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. శిక్ష ఆడించినవారికీ వారికి తోడ్పడ్డవారికీ తప్ప ఆడినవారికి లేదు.