పుత్రజయ చిత్తడి నేలలు

"చిత్తడి" అనే మాట ఈ మధ్యే నేర్చుకున్నాను. గుడిలో తెలుగు క్లాసు పిల్లలతో పుత్రజయ వెళ్ళినప్పుడు అది పనికొచ్చింది.

ఒకప్పుడు అక్కడ ప్రాంగ్ బెసార్ లాంటి రబ్బరు, పామాయిల్ తోటలు ఉండేవి. 1990లలో మలేషియా ప్రభుత్వం అక్కడ కొత్త నగరం మొదలుపెట్టింది. సుంగై చువావ్ అనే ఏటికి కట్ట వేసి, నగరం మధ్యలో చెరువు చేసింది. పైనుంచి వచ్చే వాన నీళ్ళలో మట్టి, ఎరువులు, రోడ్ల మురికి ఉంటాయి. అందుకే 1997-98లో చెరువుకు ఎగువన 24 మడుగులు కట్టి, రెల్లు, తుంగ నాటారు. నీళ్ళు ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు మెల్లగా దిగుతాయి. మట్టి అడుగుకు చేరుతుంది. నీళ్ళలోని నైట్రోజన్, ఫాస్ఫరస్‌ను మొక్కలు తీసుకుంటాయి. వేళ్ళ దగ్గరి సూక్ష్మజీవులు కూడా నీటిని శుభ్రం చేస్తాయి.

తోటల్లో పనిచేసిన కుటుంబాలను డెంగ్కిల్ ఫ్లాట్లకు పంపారు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు. మా నాయన కూడా పేరాక్‌లో రబ్బరు చెట్లు గీసేవాడు. మేమూ అలాంటి లైను ఇళ్ళలోనే పెరిగాం. పిల్లలకు ఇదంతా చెప్పాను.

"తాతా, వాళ్ళ ఇళ్ళు ఎక్కడ?" అని ఒక పాప అడిగింది.

చూపించడానికి నాకేమీ కనబడలేదు. అందుకే ఇది రాశాను.