యేనాలో దొరికిన అల

మెదడు తరంగాలను గీసి చూపే ఈఈజీ పరీక్ష వెనక ఒక టెలిగ్రాం ఉంది. 1890ల తొలినాళ్ళలో జర్మనీలోని వ్యూర్జ్‌బర్గ్‌లో సైనిక శిక్షణలో ఉన్న హాన్స్ బెర్గర్ గుర్రం మీంచి పడ్డాడు. మీదికి వస్తున్న ఫిరంగి బండి వెంట్రుకవాసిలో ఆగింది. ఆ సాయంత్రమే తండ్రి క్షేమం అడుగుతూ టెలిగ్రాం పంపాడు. తమ్ముడికేదో ముప్పని అక్క మనసుకు తట్టి, ఆమె పట్టుబట్టి ఇప్పించిన టెలిగ్రాం అది. తన భయం ఆమె మెదడుకు చేరిందని బెర్గర్ గట్టిగా నమ్మాడు. ఖగోళశాస్త్రం వదిలి వైద్యంలో చేరాడు.

జంతువుల మెదడులో విద్యుత్తును లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ 1875లోనే చూపించాడు. మనిషి వంతు రావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

1924 జూలై 6న యేనాలో ఒక పదిహేడేళ్ళ కుర్రాడికి తల ఆపరేషన్ జరుగుతుండగా బెర్గర్ తొలి సంకేతాన్ని పట్టాడు. అది మెదడుదేనా, గుండెదా, కండరాలదా? ఈ అనుమానాలన్నీ తీర్చుకునేసరికి ఐదేళ్ళయింది. 1929లో గాని లోకానికి చెప్పలేదు. ఈలోగా కొడుకు క్లాస్ తలకే ఎలక్ట్రోడ్లు కట్టి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే సెకనుకు పది అలలు లేచేవి. కళ్ళు తెరిచినా, మనసులో లెక్క కట్టినా అణిగిపోయేవి. ఇదే ఆల్ఫా లయ. తమ్ముడి భయం అక్కకు ఎలా చేరిందో మాత్రం ఆ గీతలు చెప్పలేదు.

చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో నోబెల్ గ్రహీత అడ్రియన్ తన తల మీదే ఆ లయను చూపించాక నోళ్ళు మూతపడ్డాయి. ఒక నీటిపురుగు నాడీముడిలోనూ అలాంటి లయే ఉందని, వెలుగు పడితే అదీ చెదురుతుందని ఆయనే చూపించాడు.

1930ల మొదట్లోనే బెర్గర్ మరో సంగతి రాసిపెట్టాడు: అల్జీమర్స్ రోగిలో అలలు మారిపోతున్నాయని. ఈ జబ్బు గురించి అలోయిస్ అల్జీమర్ మొదట ప్రకటించింది 1906లో, ఆగస్టె అనే రోగి మెదడును సూక్ష్మదర్శినిలో చూశాక. అప్పట్లో చనిపోయిన మెదడులోనే కనబడే జబ్బు, బతికున్న మెదడులో ఆనవాలు ఇవ్వడం ఎంత పెద్ద సంగతి! కానీ ఈఈజీ పేరు మూర్ఛ వ్యాధితో ముడిపడిపోయింది, ఆ తర్వాత స్కానింగులు వచ్చాయి. చవకగా, నొప్పి లేకుండా ఏ ఊళ్ళోనైనా చేయగల పరీక్షను మతిమరుపు వైద్యం దశాబ్దాలపాటు ఓ మూలన పెట్టడం నిజంగా నష్టమే.

ఇప్పటికి తేలిందేమిటంటే, జబ్బు ముదిరేకొద్దీ ఆల్ఫా నెమ్మదిస్తుంది, దానికన్నా నెమ్మదైన థీటా, ఆపైన డెల్టా అలలు పెరుగుతాయి. మెదడు అడుగుభాగంలో ఎసిటైల్‌కోలిన్ అందించే కణాలు నశించడం ఒక ముఖ్య కారణం. ఆ రసాయనాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఆరోగ్యవంతుల్లోనూ అలలు మందగిస్తాయి. అయితే అలలు మందగించడం అల్జీమర్స్ ఒక్కదాని గుర్తు కాదు. లూయీ బాడీ డిమెన్షియా అనే మరో మతిమరుపు జబ్బులో అది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2017 నాటి నిర్ధారణ ప్రమాణాల్లో ఈఈజీకి చోటిచ్చింది కూడా ఆ జబ్బుకే.