వేషమునకు మ్రొక్కి, వేషధారిని నిలబెట్టి

నాటకమన్న చెవి కోసికొనువారు ప్రతి గ్రామమునను కొందరుందురు. నేనును వారిలో నొకడను. గొంగడి కప్పుకొని తెల్లవార్లు నేలపై గూర్చుండి, కాటిలో హరిశ్చంద్రుడు పద్యము చదువుచుండగా కన్నీరు గార్చి, మరునాడు తరగతిలో తూగిన దినములు నాకు పెక్కు గలవు. ఈ వ్యసనమునకు సిగ్గుపడుట యెన్నడో మానితిని. కాని నాటకచరిత్రను చదివిన కొలదియు వేరొక విషయమున సిగ్గు కలుగుచున్నది. వేషమును ప్రేమించినట్లు వేషధారిని ప్రేమించితిమా?

ఈ వైరుధ్యము నేటిది గాదు. బ్రహ్మదేవుడు నాట్యమును సర్వవర్ణములవారికి చెందిన పంచమవేదముగా సృజించెనని నాట్యశాస్త్రము మొదటి యధ్యాయము చెప్పుచున్నది. ఆ గ్రంథముననే, చివర, ఋషులను పరిహసించిన దోషమునకై భరతుని పుత్రులు శాపము నొంది శూద్రులైరను కథ గలదు. విద్య వేదమట, విద్య నేర్చినవాడు పతితుడట! పాశ్చాత్యులును మనకు తీసిపోలేదు. ఇంగ్లండులో 1572 నాటి శాసనము ప్రభువుల ప్రాపు లేని నటులను దేశదిమ్మరులతో జమకట్టెను. 1642లో పార్లమెంటు నాటకశాలలను మూయించెను. నటునకు 'సర్' బిరుదము తొలిసారి 1895లో, హెన్రీ ఇర్వింగునకు, లభించెను. అప్పటికి షేక్స్‌పియరు గతించి 279 ఏండ్లు.

మన తెనుగున నవీన నాటకప్రదర్శనము సంస్కర్తల చేతులమీదుగనే ప్రారంభమైనది. వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాడించిరి. 1892లో విజయనగరమున 'కన్యాశుల్కము' రంగమెక్కెను. పిమ్మట హార్మోనియము వచ్చినది, పద్యము వచ్చినది, 'వన్సుమోరు' వచ్చినది. ప్రాణము విడిచి పడియున్న పాత్రయు సభవారి కేకలకు లేచి, మరల పద్యము పాడి, మరల చచ్చెనని పెద్దలు నవ్వుచు చెప్పుదురు. అభిమానమనిన నిట్టిది; మృతులనైన లేపును.

అట్టి యభిమానము లేపలేని దొక్కటి కలదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగమునకు వచ్చినప్పుడు ముగ్ధులైన సభ్యులలో, తమ యింటి ఆడుబిడ్డ అదే రంగమెక్కునన్న సహింపగలవా రెందరు? స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్ళారి రాఘవగారు పట్టుపట్టిరి. కొమ్మూరి పద్మావతీదేవి వంటి గృహిణి ముందునకు వచ్చెను. కాని ఈ సాహసమునకు చాల ముందే, 1885లో, కడప మండలమందలి సురభి గ్రామమున 'కీచకవధ' నాడిన వనారస గోవిందరావుగారి కుటుంబమున ఆడువారు నటించుట మొదలిడిరి. వారు తోలుబొమ్మలాడించుకొను వంశమువారు గనుక లోకము దానిని సంస్కారమని పిలువలేదు. అదే పని వకీలుగారు చేయించిన సంస్కారమగును. ఈ మాట రాఘవగారిని తక్కువ చేయుటకు గాదు. మన లెక్క యెట్టిదో చూపుటకు.

ఇదియంతయు కోస్తా, రాయలసీమల కథ. మా పెద్దకొడప్‌గల్ నేటి కామారెడ్డి జిల్లాలోనిది. మహారాష్ట్ర, కర్ణాటకముల సరిహద్దులకు చేరువ. 1948 వఱకు నిజాము రాజ్యము. టిక్కెట్టు కొని చూచు నాటకము మా చిన్ననాట మాకు తెలియదు. మాకు తెలిసినది చిందు బాగోతము. చిందువారు మాదిగలకు ఆశ్రితులైన కళాకారులు. వంశపరంపరగా వచ్చిన మిరాశి గ్రామములలో ఆడి, త్యాగము పుచ్చుకొని జీవించిరి. వారి మేళములలో స్త్రీలు వేషము కట్టుటకు ఏ సంస్కర్తయు రావలసిన పని లేకపోయెను.

నా పదవయేట మా యూర నట్టి మేళమొకటి దిగెను. ఆ రాత్రి హరిశ్చంద్రుని కథ. మా నాయనమ్మ దూరముగా బండిమీద గూర్చుండి చూచుచు, లోహితాస్యుని పాము కఱచినది మొదలు కొంగు కన్నులనుండి తీయలేదు. తెల్లవారి హరిశ్చంద్రుడు మా వాకిటికి జోలెతో వచ్చెను. ముఖమున అర్దళము ఇంకను పూర్తిగా పోలేదు. నాయనమ్మ అరుగు దిగలేదు. ఎత్తునుండి చేటతో జొన్నలు జోలెలో పోసెను. "రాత్రి మస్తు ఏడిపించినవురా" అనెను. అతడు ఆమెకంటె వయసున పెద్ద. "సల్లగుండు తల్లీ" అని వెడలిపోయెను. ఆమె కఠినురాలు గాదు. అంతటి దయాళువు మా వీథిలో లేదు. అందువలననే ఈ సంగతి నన్ను విడువదు.

చిందువారి ముఖ్యకథ జాంబపురాణము. అందు జాంబవుడు బ్రాహ్మణునితో వాదమునకు నిలిచి, తమ జాతి పుట్టుకను, ప్రాచీనతను చాటును. మా వీథివారు హరిశ్చంద్రునికై బండ్లు కట్టుకొని పోయిరిగాని, జాంబపురాణమునకు పోయిన జ్ఞాపకము నాకు లేదు. రేణుక కథ వేరు. ఎల్లమ్మ వేషము ధరించిన స్త్రీని దేవతగా నెంచి జనులు మ్రొక్కుదురు; వేషము విప్పిన పిదప ఆమె మరల తన వాడకు పోవలసినదే.

బోధను ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఈ రెండు స్థితులను జీవితమంతయు అనుభవించెను. స్త్రీపాత్రలతోపాటు పురుషపాత్రలను గూడ ధరించిన ఈమె కీర్తి వాడలు దాటి రాజధానివఱకు పోయెను. 2005లో మరణించెను. చిందు యక్షగానమునకై జనగామ జిల్లావాడగు గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ 2024లో వచ్చెను. సురభి నాగేశ్వరరావుగారికి 2013లో వచ్చెను. ఇర్వింగు మాట ఇందుకే ఎత్తితిని.

హైదరాబాదు పబ్లిక్‌ గార్డెన్సులోని లలితకళాతోరణమున సురభివారి 'మాయాబజారు' చూచుటకు నే నొకప్పుడు బస్సులో పోయితిని. పద్యములకు, మంత్రజాలమునకు నూఱు చప్పట్లు చఱచితిని. తెర వెనుకకు పోయి ఘటోత్కచునితో ఒక్క మాట యాడవలెనని తోచలేదు. నాయనమ్మ అరుగువంటిది నాకును ఒకటి కలదు కాబోలు.

ఈ మధ్య, మా బడిపిల్లలకు రెండు పద్యములు వినిపింపుడని ఒక వృద్ధ చిందు కళాకారుని పిలిచితిమి. ఉపాధ్యాయుల గదిలో కుర్చీ వేసి, "కూర్చోండి పెద్దాయనా" అంటిని. ఆయన కుర్చీవంక, పిమ్మట తలుపువంక చూచి, నిలుచుండియే నీళ్లు త్రాగెను. మరల అడిగితిని. మూడవసారికి, కుర్చీ అంచున, లేచుటకు సిద్ధముగా నున్నట్లు కూర్చుండెను. బడిగంట మ్రోగగా మొదట లేచినది ఆయనయే. పిల్లలముందు నిలిచి గొంతెత్తిన పిదప మాత్రము ఆయన ఎవరివంకను చూడలేదు.